పంపేయమనే వాళ్ళకూ, ఓర్చుకోమనే వాళ్ళకూ

ఎదిగిన కొడుకో కూతురో ఇంట్లో ఉండి, ఆ ఉండటం ఎవరికీ సుఖంగా లేనప్పుడు సలహాలు చెప్పేవాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. 'అన్నీ ఉన్నచోటికే వస్తుంటే ఎందుకు మారతాడు? బట్టలు సర్ది బయటికి పంపండి' అంటుంది ఒక జట్టు. 'కన్నవాళ్ళే ఓర్చుకోకపోతే ఇంకెవరు ఓర్చుకుంటారు? మనసు కుదుటపడేదాకా వాణ్ణి ఏమీ అనకండి' అంటుంది రెండోది. ఈమధ్య ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, వీళ్ళలో ఎవరి మాట వినమంటావని అడిగింది. ఆమె కొడుకు ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాడు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. డబ్బు అడుగుతాడు, ఎందుకంటే అరుస్తాడు, అరిచిన మర్నాడు తల్లి పక్కన కూర్చుని ఏడుస్తాడు. ఆమె నన్నే అడగడానికి కారణం ఉంది. మా అబ్బాయికి ముప్పై దాటాయి. చాలాకాలంగా మాతోనే ఉన్నాడు. వాడి సంగతులన్నీ ఆమెకు తెలుసు.

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబును ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. రెండు జట్లూ మాట్లాడేది వాణ్ణి ఏం చేయాలన్న దాని గురించే. వాడు మన చేతుల్లో లేడు. ముప్పై ఏళ్ళ మనిషిని మార్చే శక్తి తిట్టే తల్లిదండ్రులకూ లేదు, బుజ్జగించే తల్లిదండ్రులకూ లేదు. మన చేతుల్లో ఉన్నవి మనం ఇంట్లో రోజూ చేసే పనులు, అనే మాటలు, ఇచ్చే డబ్బు, దాచే నిజాలు. మార్పు అక్కడ మొదలుపెట్టాలని నా అభిప్రాయం. వినడానికి చిన్నగా ఉంటుంది కానీ, పంపేయడం కంటే, ఓర్చుకోవడం కంటే ఇదే కష్టం.

పెద్దయ్యాక అమ్మానాన్నలతో ఉండటమే ఒక లోపమని నేను అనుకోవడం లేదు. 2020 జులైలో అమెరికాలో 18 నుంచి 29 ఏళ్ళ లోపువాళ్ళలో 52 శాతం మంది తల్లిదండ్రులతోనే ఉన్నారని ప్యూ పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. ఉద్యోగాలు పోయినప్పుడు, అద్దెలు పెరిగినప్పుడు పిల్లలు ఇంటికి రాక ఎక్కడికి పోతారు? నేను రాస్తున్నది గది తలుపు వేసుకున్న వాళ్ళ గురించి, మత్తులో ఇల్లు చేరేవాళ్ళ గురించి, వైద్యం మాట ఎత్తితే మండిపడే వాళ్ళ గురించి.

జబ్బా, బద్ధకమా

ఇలాంటి ఇళ్ళలో భార్యాభర్తలు చెరో పక్షం పట్టడం మామూలు. ఒకరు జబ్బంటారు, ఒకరు బద్ధకమంటారు. మా ఇంట్లో నాది జబ్బు పక్షం, మా ఆయనది బద్ధకం పక్షం. వాడు మధ్యాహ్నం దాకా లేవకపోతే ఆయన నా వైపు చూసేవారు. లేచి, స్నానం చేసి, చెప్పకుండానే షాపుకి వెళ్ళొచ్చాడంటే మళ్ళీ ఆయనే 'చూశావా, కావాలనుకుంటే చేయగలడు' అనేవారు. వాడు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోతే నేను ఆయన వైపు చూసేదాన్ని. వాడి ప్రతి కదలికా మా ఇద్దరి వ్యాజ్యంలో సాక్ష్యమే. ఆ వ్యాజ్యంలో తీర్పు రాదని తెలియడానికి చాలాకాలం పట్టింది.

జబ్బు పక్షానికి ఆధారాలు తక్కువేమీ కాదు. రొనాల్డ్ కెస్లర్ బృందం అమెరికాలో జరిపిన పెద్ద సర్వే ఫలితాలు 2005లో వచ్చాయి. జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్ళకే, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ళకే మొదలవుతాయని అందులో తేలింది. అంటే చదువు అయిపోయింది, ఇక గట్టెక్కాడని మనం ఊపిరి పీల్చుకునే సమయానికి జబ్బు అప్పటికే లోపల ఉండవచ్చు. పైగా కుంగుబాటు బయటికి కనిపించేది అచ్చం బద్ధకంలాగే. మంచం దిగకపోవడం, గడ్డం గీసుకోకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం, ఒక దరఖాస్తు నింపడానికి వారాలు పట్టడం, ఇవన్నీ రెండు పక్షాలకూ పనికొచ్చే సాక్ష్యాలే.

వైద్యానికి రానని భీష్మించడం కూడా అన్నిసార్లూ మొండితనం కాదు. పక్షవాతంతో చేయి పడిపోయినా తన చేయి బాగానే ఉందని నమ్మే రోగుల గురించి నరాల వైద్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ 1914లో వివరించాడు. లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో చాలామందికి అదేవిధంగా తమకు జబ్బుందన్న ఎరుక ఉండదని తర్వాతి వైద్యులు గమనించారు. అలాంటి మనిషిని కూర్చోబెట్టి 'నీకు జబ్బుంది, ఒప్పుకో' అని వాదించే తల్లిదండ్రులు ఎంత తెలివైనవాళ్ళయినా ఓడిపోతారు. 'నీకు నిద్ర పట్టడం లేదు కదా, దానికోసం వెళ్దామా' అని, వాడికి కూడా బాధగా ఉన్నదేదో దాన్ని పట్టుకుంటే కొన్నిసార్లు దారి దొరుకుతుంది.

అయినా ఈ వాదన తేలేదాకా ఇల్లు ఆగిపోనక్కర్లేదు. జబ్బున్న మనిషి ఉన్న ఇంటికీ కొన్ని కట్టుబాట్లు ఉండవచ్చు. బద్ధకస్తుడితోనూ మర్యాదగా మాట్లాడవచ్చు. ఆగకూడని సందర్భాలు మాత్రం కొన్ని ఉన్నాయి. ఎవరూ లేనిదే గొంతులు వినపడటం, ఇంట్లోవాళ్ళే తనకు కీడు చేస్తున్నారన్న గట్టి అనుమానం, రోజుల తరబడి నిద్రపోకుండా హుషారుగా తిరగడం, చావు మాట. వీటిలో ఏది కనిపించినా పక్షాలు రద్దు. సైకోసిస్‌కు, అంటే ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితికి, వైద్యం ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుందని అధ్యయనాలు పదేపదే చెబుతున్నాయి.

'వాడు రాడండీ' అని ఒక మానసిక వైద్యురాలితో అంటే ఆవిడ 'ముందు మీరిద్దరూ రండి' అన్నారు. మా ఆయనకు కోపం వచ్చింది, జబ్బు తనకా అని. వెళ్ళాక తెలిసిన సంగతి ఏమిటంటే, ఎదిగిన మనిషి ఒప్పుకోకుండా అతని వివరాలు వైద్యులు సాధారణంగా మనకు చెప్పరు. మనం చూసినవి వాళ్ళకు చెప్పడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. మొదటి సగం అందరికీ తెలుసు, తెలిసి అక్కడే ఆగిపోతారు. రెండో సగం కోసం ఒక కాగితం మీద నిద్ర, తిండి, మాటలు, ఎప్పటి నుంచి ఏమిటన్నది రాసి పట్టుకెళ్తే చాలు. మా కాగితం రాసింది బద్ధకం పక్షమే. ఆయన చేతిరాత బాగుంటుంది.

నెపం ఎవరి మీద వేయాలి

'గారాబం చేసి చెడగొట్టారు' అన్నమాట వినని తల్లి ఉండదు. ఆ మాటకు ఒకప్పుడు శాస్త్రం పేరుతో కూడా అండ దొరికింది. స్కిజోఫ్రీనియాకు తల్లి తీరే కారణమన్న భావన 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలి వ్యాసంతో వ్యాపించింది. తర్వాతి పరిశోధనల్లో దానికి ఆధారం దొరకలేదు. వైద్యులు దాన్ని వదిలేశారు. చుట్టాలు వదల్లేదు.

అలాగని ఇంటి వాతావరణానికి ఏ పాత్రా లేదని తేలిగ్గా తప్పించుకోవడానికీ లేదు. 1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త మానసిక ఆసుపత్రుల నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళను గమనించాడు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళ కంటే, అద్దె గదుల్లో, తోబుట్టువుల దగ్గర ఉన్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. ఇదేమిటని తవ్వుకుంటూ వెళ్ళిన పరిశోధకులకు ఇంట్లో కొలవదగ్గవి మూడు కనిపించాయి: విమర్శ, ద్వేషం, అతిగా అల్లుకుపోవడం. క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ 1976లో తమ లెక్కల్ని అంతకుముందరి బ్రౌన్ బృందం లెక్కలతో కలిపి చూశారు. ఈ మూడింటిలో ఏదైనా ఎక్కువగా ఉన్న ఇళ్ళలో తొమ్మిది నెలల్లో 51 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. తక్కువగా ఉన్న ఇళ్ళలో 13 శాతం మందికే. అలా ఎక్కువగా ఉన్న ఇళ్ళలో కూడా ఇంట్లోవాళ్ళతో వారానికి 35 గంటల కంటే ఎక్కువ ఎదురెదురుగా గడిపినవాళ్ళలో ఆ సంఖ్య 69 శాతం, తక్కువ గడిపినవాళ్ళలో 28 శాతం.

విమర్శ చేటు చేస్తుందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఓర్చుకోమనే జట్టుకు మింగుడుపడనిది మూడోది. బిడ్డ కోసం తన బతుకంతా పక్కన పెట్టేయడం, వాడి ముఖం చూసి తన రోజు ఎలా ఉండాలో తేల్చుకోవడం, వాడు తుమ్మితే తలుపు దగ్గరికి పరుగెత్తడం, ఇవన్నీ ఆ పరిశోధకుల కొలతలో తిట్ల పక్కనే కూర్చున్నాయి. మనం త్యాగం అనుకునేది అవతలి మనిషి నెత్తిన బరువుగా దిగవచ్చు.

దీని మీద మా ఆయన వేసిన ప్రశ్న న్యాయమైనదే. వాళ్ళ విమర్శ వల్ల వీడికి జబ్బు తిరగబెట్టిందో, వీడి జబ్బు ముదిరి వాళ్ళను విమర్శించేలా చేసిందో ఎలా తెలుస్తుంది? పరిశోధకులు కూడా ఇది రెండు వైపులా నడిచే వ్యవహారమనే అంటారు. పైగా ఆ లెక్కలు స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్ళవి, అందరికీ అతికించకూడదు. కానీ కుటుంబానికి జబ్బు గురించి, మాటతీరు గురించి శిక్షణ ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది కాబట్టి, వ్యవహారంలో మన వాటా ఎంత ఉంటే అంత సరిచేసుకోవడంలో నష్టం లేదు.

35 గంటల సంగతి చదివాక మేము చేసింది చాలా మామూలు పని. పదవీ విరమణ తర్వాత మేమిద్దరం రోజంతా ఇంట్లోనే ఉండేవాళ్ళం. వాణ్ణి ఒంటరిగా వదలకూడదని ఒక నియమం కూడా పెట్టుకున్నాం. ప్రాణభయం ఉన్న రోజులు కావని వైద్యురాలిని అడిగి నిర్ధారించుకుని, పొద్దుటిపూట ఇద్దరం బయటికి వెళ్ళడం మొదలుపెట్టాం. కొన్నాళ్ళకు హాల్లో సోఫా మీద వాడి కళ్ళజోడు కనిపించింది. మేము లేనప్పుడు వాడు గదిలోంచి వచ్చి కూర్చుంటున్నాడు. అన్నాళ్ళూ గదిలోంచి రానిది మమ్మల్ని తప్పించుకోవడానికేనని తెలిసి నాకు కాస్త చిన్నతనమే అనిపించింది.

వాడి బదులు మనం చేసేవి

ఇలాంటి ఇంట్లో పనుల జాబితా రాస్తే చదివేవాళ్ళు నవ్వుతారు. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే జ్వరమని చెప్పడం. మధ్యాహ్నం దాకా టీవీ పెట్టకపోవడం. చుట్టాలను రావద్దనడం. వాడు బయటికి వెళ్తే తిరిగి వచ్చేదాకా మేలుకుని ఉండి, గేటు చప్పుడు వినపడగానే నిద్ర నటించడం. పళ్ళెం గది దగ్గరికి తీసుకెళ్ళడం. వాడు చేసిన అప్పు తీర్చి, తీర్చిన సంగతి భర్తకో భార్యకో చెప్పకపోవడం. ఒక్కోటీ ఒక్కో కష్టకాలంలో అవసరమై మొదలైనదే. కష్టకాలం పోయినా పని మిగిలిపోతుంది. క్రమంగా ఇల్లంతా ఒక మనిషి ఆందోళన చుట్టూ వంగి నిలబడుతుంది. ఆ మనిషికి దాంతో తాత్కాలికంగా ఊరట కలుగుతుంది. తాను దేన్నీ తట్టుకోలేననే నమ్మకమూ గట్టిపడుతుంది.

యేల్ విశ్వవిద్యాలయంలో ఈలై లెబోవిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆందోళన రుగ్మతలున్న పిల్లల కోసం ఒక చికిత్సను రూపొందించాడు. అందులో పిల్లలు రానక్కర్లేదు, తల్లిదండ్రులు తమ ప్రవర్తన మార్చుకుంటారు, అంతే. 124 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, పిల్లలకు నేరుగా ఇచ్చే చికిత్సకు ఇది తీసిపోలేదని తేలింది. వాళ్ళు చిన్నపిల్లలు కదా, ముప్పై ఏళ్ళవాడికి ఇది పనికొస్తుందా అంటే, అంత గట్టి రుజువు లేదు. అయితే లెబోవిట్స్, ఆయనతో పనిచేసిన ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్త హైమ్ ఓమర్ ఇంట్లోనే ఉండిపోయిన పెద్ద పిల్లల తల్లిదండ్రులతోనూ ఇదే పద్ధతిలో పనిచేశారు. నాకు ఇందులో నచ్చినది దీని వినయం. నువ్వు మారాలి అని ఎక్కడా ఉండదు. మేము ఇది చేస్తాం, ఇది చేయం అని ఉంటుంది.

మేము మొదట ఎంచుకున్నది ఫోన్ బిల్లు. చిన్నది, ప్రాణానికి ముప్పు లేనిది, మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరినది. కోపం వచ్చిన రోజున కాకుండా మామూలు రోజున ఒక ఉత్తరం రాసి ఇచ్చాం. 'నీకు కష్టంగా ఉందని మాకు తెలుసు. నువ్వు తట్టుకోగలవని కూడా నమ్ముతున్నాం. వచ్చే నెల నుంచి ఫోన్ బిల్లు మేము కట్టం.' అంతే రాశాం, ఉపన్యాసం లేదు. వాడు తలుపు గట్టిగా వేశాడు, కొన్నాళ్ళు పలకలేదు. ఆ రోజులు తట్టుకోవడమే అసలు పని. మేం గనక మధ్యలో కరిగి కట్టేసి ఉంటే, ఇంకా కాస్త ఎక్కువసేపు అలిగితే సరిపోతుందన్న పాఠం వాడికి మేమే నేర్పినట్టయ్యేది. చివరికి వాడు చిన్నప్పటి కెమెరా ఒకటి అమ్మి, అన్నిటికంటే చౌకగా దొరికే ప్లానుకు మారిపోయాడు. అంత చౌకది ఒకటుందని మాకు తెలియనే తెలియదు. ఇప్పుడు మేమూ దానిలోనే ఉన్నాం.

పంపేయమనే జట్టు దీన్ని మెత్తదనం అంటుంది. ఒక్కసారిగా అన్నీ ఆపేస్తే తేలిపోతుంది కదా అంటారు. అన్నీ ఒక్కసారి ఆపేయడం కోపంలో సులువు. రెండు రోజులు తిరక్కుండానే జాలి కలిగి అన్నీ తిరిగి ఇచ్చేయడమూ అంతే సులువు. ఈ ఊగిసలాట చాలా ఇళ్ళలో ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఒకే పనిని ఆపి, ఆపిన దాని మీద నిలబడటం నెమ్మదిగా సాగే వ్యవహారం కాబట్టి ఎవరికీ నచ్చదు.

భయం మాటేమిటి

ఈ వ్యాసం మొత్తానికి బలమైన అభ్యంతరం ఒకటే. వాడు ప్రాణం తీసుకుంటే? ఈ భయం ఉన్న ఇంటికి వెళ్ళి సహాయం తగ్గించండి అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కుంగుబాటు తీవ్రంగా ఉన్న రోజుల్లో ఏదీ తగ్గించకూడదు. ముందు వైద్యం. మందులు, పురుగుమందులు, తాళ్ళ వంటివి అందుబాటులో లేకుండా చేయడం, మనిషిని ఒంటరిగా వదలకపోవడం, ఆ సమయంలో అవే చేయాల్సినవి. చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన రేపినట్టవుతుందని చాలామంది అడగరు. అడగడం వల్ల ఆలోచన పెరుగుతుందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా' అని అదే మాటల్లో అడగవచ్చు, అడగాలి.

చిక్కంతా, డబ్బు ఇవ్వనన్న ప్రతిసారీ ఆ మాట వచ్చినప్పుడు. అది బెదిరింపో నిజమో తేల్చే పని తల్లిదండ్రులు నెత్తిన వేసుకోకూడదని నా అభిప్రాయం. ప్రతిసారీ నిజమనే తీసుకోవాలి. నిజమని తీసుకుంటే చేయాల్సింది ఆసుపత్రికి తీసుకెళ్ళడం, డబ్బు ఇవ్వడం కాదు. నా స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పిన మాటల్లో ఇదొక్కటే ఆమె కాగితం మీద రాసుకుంది.

చేయి చేసుకునే విషయంలో నాకు సందేహం లేదు. జబ్బు ఉన్నా లేకపోయినా, ఇంట్లో ఒకరు దెబ్బలు తింటుంటే వాళ్ళ భద్రతే ముందు. గదిలోంచి, అవసరమైతే ఇంట్లోంచి బయటికి వచ్చేయాలి, సాయం పిలవాలి. అప్పుడు వాడు వేరేచోట ఉండాల్సి వస్తే, పంపేయమనే జట్టు మాటే సరైనది.

మత్తు దగ్గర కూడా రెండు జట్లకూ చెప్పదగ్గ లెక్క ఒకటుంది. తాగుడు మానడానికి చికిత్సకు రానని పంతం పట్టినవాళ్ళ కుటుంబాలను 1999లో విలియం మిల్లర్, రాబర్ట్ మేయర్స్ బృందం మూడు రకాలుగా నడిపించింది. అందరూ కలిసి ఒక్కసారిగా నిలదీసే పద్ధతిలో తాగేవాళ్ళలో 30 శాతం మంది చికిత్సకు వచ్చారు. అతణ్ణి మార్చే ప్రయత్నం మాని తమ మనశ్శాంతి చూసుకొమ్మని చెప్పే పద్ధతిలో 13 శాతం. మూడో పద్ధతిలో, తాగకుండా ఉన్నప్పుడు దగ్గరగా ఉండటం, తాగినప్పుడు పక్కకు తప్పుకోవడం, తాగుడు వల్ల జరిగే నష్టాన్ని కప్పిపుచ్చకపోవడం కుటుంబానికి నేర్పారు. వచ్చినవాళ్ళు 64 శాతం. చికిత్సకు రావడమంటే మానేయడం కాదు, అది వేరే కథ. కానీ గొంతు పెంచకుండానే గుమ్మం దాటించవచ్చని తెలియడం తక్కువేమీ కాదు.

మన తర్వాత

జపాన్‌లో ఏళ్ళ తరబడి గది దాటని వాళ్ళను హికికోమోరి అంటారు. 1990ల చివర్లో సైటో తమాకి అనే మానసిక వైద్యుడి రచనలతో ఆ మాట ప్రచారంలోకి వచ్చింది. అప్పుడు అందరూ అది కుర్రవాళ్ళ సమస్య అనుకున్నారు. కాలం ఆగలేదు. 40 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసువాళ్ళలోనే 6,13,000 మంది అలా ఉన్నారని అక్కడి ప్రభుత్వం 2019లో అంచనా ప్రకటించింది. ఎనభై ఏళ్ళ తల్లిదండ్రులు, యాభై ఏళ్ళ బిడ్డ ఉన్న ఇళ్ళను అక్కడ 8050 సమస్య అని పిలుస్తున్నారు.

ఆ అంకెలు చూశాక రాత్రి మా అమ్మాయికి ఫోన్ చేశాను. వాడికంటే చిన్నది, వేరే ఊళ్ళో ఉంటుంది. 8050 గురించి చెబుతుంటే మధ్యలో ఆపి, 'అమ్మా, మీ తర్వాత అన్నయ్య నా దగ్గరికే వస్తాడని మీరిద్దరూ ఎప్పుడో అనుకుని ఉంటారు కదా. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు' అంది. గొంతులో కోపం లేదు. ఆ మాట నిజం. ఇలాంటి ఇళ్ళలో కష్టపెట్టని బిడ్డ ఎవరి కంటికీ ఆనదు. మంచి మార్కులు తెచ్చుకుంటుంది, ఏమీ అడగదు, పెద్దదై దూరంగా వెళ్ళిపోతుంది. తీరా తల్లిదండ్రుల వీలునామాలో అన్నయ్య బాధ్యత పేరుతో దొరికిపోతుంది.

సలహాలిచ్చే రెండు జట్లూ ఈ మూడో మనిషిని లెక్కలోకి తీసుకోవు. ఓర్చుకోమనేవాళ్ళు ఎంతకాలమో చెప్పరు. పంపేయమనేవాళ్ళు, పంపినవాడు చివరికి ఎవరి తలుపు తడతాడో చెప్పరు. తల్లిదండ్రులకు ఒంట్లో ఓపిక ఉండగానే ఆస్తి, అప్పు, మందులు, వైద్యురాలి పేరు, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో మిగతా పిల్లలకు తెలియాలి. ఏది చేయగలరో, ఏది చేయలేరో వాళ్ళే చెప్పాలి. చేయలేనన్నదాన్ని నేరంగా చూడకూడదు. మా అమ్మాయి నెలకోసారి అన్నయ్యతో మాట్లాడతానంది, డబ్బు వ్యవహారాలు చూస్తానంది, ఇంట్లో ఉంచుకోలేనంది. విన్నప్పుడు మా ఆయనకు బాధ కలిగింది. నాకైతే ఎవరో లెక్క సరిచేసినట్టు అనిపించింది.

ఆ తర్వాత వాడితో కూడా కూర్చున్నాం. వాడు లేకుండా వాడి ముసలితనం గురించి ముగ్గురం తీర్మానాలు చేయడం బాగుండదు కదా. మొదట పలకలేదు. అంతా విని, చెల్లెలి ఇంటికి మాత్రం చచ్చినా వెళ్ళనన్నాడు. మరి ఎక్కడుంటావని వాళ్ళ నాన్న అడిగితే ఆలోచించి చెప్తానన్నాడు. ఆలోచిస్తున్నాడో లేదో తెలియదు. ఆదివారం మళ్ళీ కూర్చుంటాం, ఈసారి బ్యాంకు కాగితాలు ముందు పెట్టుకుని.